పాత కారులో ఇంజిన్ మోత: శబ్ద నిరోధం

ఇంజిన్ చప్పుడు కారు లోపలికి రాకుండా రబ్బర్లు, బరువైన పొరలు, అంటుడు షీట్లు, ఫోమ్ వంటి వాటితో అడ్డుకోవడాన్ని శబ్ద నిరోధం అంటారు. కారు యాక్సెసరీల షాపుల్లో మొత్తం పనికి ‘డ్యాంపింగ్’ అనే ఒక్క మాటే వాడుతున్నారు. నిజానికి డ్యాంపింగ్ అందులో ఒక భాగం మాత్రమే. చప్పుడు దూరే కన్నాలు మూయడం ఒక పని, వణికే రేకును శాంతపరచడం మరొకటి, చప్పుడుకు ఎదురుగా బరువైన తెర కట్టడం ఇంకొకటి, అప్పటికీ లోపలికి వచ్చినదాన్ని పీల్చుకోవడం వేరొకటి. ఈ నాలుగింటికీ నాలుగు రకాల సరుకు కావాలి. ఒకదాని పని ఇంకొకటి చేయదు. వేలు ఖర్చుపెట్టి ‘పెద్దగా తేడా తెలియలేదు’ అని నిట్టూర్చేవారిలో చాలామంది ఈ తేడా తెలియకుండా పని చేయించుకున్నవారే.

ఈ వ్యాసంలో పాత కారు అంటే అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతీ 800, ఓమ్ని, తొలినాటి ఇండికా తరం బండ్లు. వీటిలో కొన్ని పుట్టుకతోనే మోతగాళ్లు. పల్చటి రేకు, కార్పెట్ కింద ఇంత ఫెల్టు, అంతే. మిగతావి వయసుతో మోతగాళ్లయ్యాయి. పదిహేనేళ్లలో రబ్బరు రాయి అవుతుంది, తలుపుల అంచున ఉండే బీడింగ్ అణగిపోతుంది, ఫెల్టు వాన నీళ్లు తాగి ముద్దవుతుంది. ఏసీ పెట్టినవారూ, గ్యాస్ కిట్టు బిగించినవారూ, పాటల పెట్టె అమర్చినవారూ తలా ఒక కన్నం పొడిచి పోయి ఉంటారు.

చప్పుడుకు పేర్లు

కారు చప్పుడు గురించి తెలుగువాళ్లు వాడే మాటల్లోనే సగం రోగ నిర్ధారణ ఉంది. హోరు, టకటక, ఝణఝణ, ఈల, కిర్రు. మెకానిక్ దగ్గర ఎవరూ వీటిని ఒకదానికి బదులు ఒకటి వాడరు. ఒక్కోదాని పుట్టుక వేరు, లోపలికి వచ్చే దారి వేరు, మందూ వేరు.

హోరు సిలిండర్లలో ఇంధనం మండే లయ నుంచి వస్తుంది. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోగా రెండుసార్లు మంట పుడుతుంది. నిమిషానికి 3000 చుట్లంటే సెకనుకు 50 చుట్లు, 100 మంటలు. అంటే 100 హెర్ట్జ్ శబ్దం. మూడు సిలిండర్ల మారుతీ 800లో అదే వేగానికి 75 హెర్ట్జ్. ఈ అంకె ఎందుకు ముఖ్యమంటే, 100 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు 3.4 మీటర్లు. ఫోమ్ ఒక శబ్దాన్ని బాగా పీల్చుకోవాలంటే దాని మందం ఆ తరంగంలో పావు వంతుకు దరిదాపుల్లో ఉండాలి. ఆ లెక్కన హోరును పీల్చడానికి 85 సెంటీమీటర్ల మందం ఫోమ్ కావాలి. అంత వేస్తే మనం కూర్చోవడానికి చోటుండదు. షాపులో దొరికే 10 మిల్లీమీటర్ల ఫోమ్‌కు హోరు వినిపించదనే అనుకోవాలి.

కొన్ని బండ్లలో ఒకానొక వేగం దగ్గర హోరు ఒక్కసారిగా పెరిగి చెవులను అదిమినట్టు ఉంటుంది. ఆ వేగం దాటగానే తగ్గిపోతుంది. దీనికి కారణం కారు లోపలి గాలి. రెండు మీటర్ల పొడవున్న మూసిన గదిలో గాలి 85 హెర్ట్జ్ దగ్గర సహజంగా ఊగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 2550 ఆర్‌పీఎం దగ్గర సరిగ్గా అదే లయలో కొడుతుంది. అప్పుడు క్యాబిన్ వీణ కుండలా మారి ఇంజిన్‌కు వంత పాడుతుంది.

టకటక సంగతి వేరు. డీజిల్ ఇంజిన్‌లో చిమ్మిన ఇంధనం వెంటనే అంటుకోదు. కాస్త ఆలస్యమై, అప్పటికి పోగైనదంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. సిలిండర్‌లో ఒత్తిడి ఉన్నట్టుండి పెరిగి ఇనప దిమ్మెను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. ఈ చప్పుడు వెయ్యి హెర్ట్జ్, ఆ పైన ఉంటుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌లో ఆలస్యం ఎక్కువ కాబట్టి మోతా ఎక్కువే. తర్వాత వచ్చిన కామన్ రైల్ ఇంజిన్లు ముందుగా ఒక చుక్క ఇంధనం చిమ్మి మంట రాజేసి, ఆపైన మిగతాది వదులుతాయి. వాటి నెమ్మదితనానికి పెద్ద కారణం అదే. పాత ఇంజిన్‌కు ఆ విద్య రాదు. అయితే టకటకకు తరంగం పొట్టిది, తెరలకూ ఫోమ్‌కూ లొంగుతుంది. శబ్ద నిరోధంలో నిజంగా గెలిచేది ఈ రకం మీదే.

ఝణఝణ రేకుది. ఇంజిన్ వణుకు చట్రం గుండా వచ్చి నేల రేకునో తలుపు రేకునో డప్పులా మోగిస్తుంది. ఈల గాలిది, అరిగిన బీడింగ్ సందులోంచి వచ్చేది. కిర్రు ప్లాస్టిక్‌ది, సీటు పట్టాలది. చివరి రెండూ ఇంజిన్ చప్పుళ్లు కావు. వాటిని ఇంజిన్ ఖాతాలో వేసి డబ్బు తగలేసుకునేవారు మాత్రం ఉన్నారు.

ఇంజిన్‌దా కాదా తేల్చుకోవడానికి ఖాళీ రోడ్డు మీద చిన్న పరీక్ష చాలు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో న్యూట్రల్ చేసి, ఇంజిన్‌ను సన్నగా తిరగనివ్వాలి. చప్పుడు దిగిపోతే అది ఇంజిన్‌దో సైలెన్సర్‌దో. అలాగే ఉంటే టైర్లవో, చక్రం బేరింగులవో, గాలిదో. ఈ పరీక్షలో తాళం మాత్రం తిప్పకూడదు. ఇంజిన్ ఆగితే బ్రేకు బూస్టర్ సాయం పోతుంది, స్టీరింగ్ లాక్ పడే ప్రమాదమూ ఉంది.

ముందు మరమ్మతు

శబ్ద నిరోధం మొదలుపెట్టవలసింది షీట్లతో కాదు, స్పానర్లతో. ఈ మాట అమ్మేవారికి నచ్చదు.

మొదట ఇంజిన్ మౌంటింగులు. ఇంజిన్‌ను రబ్బరు దిమ్మెల మీద తేలించి, దాని ఊపు చట్రానికి అందకుండా చేయడం 1931లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ ప్లిమత్ కారుతో పేరు తెచ్చుకుంది. ‘ఫ్లోటింగ్ పవర్’ అని ప్రచారం చేసుకున్న ఆ పద్ధతిని ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కూడా లైసెన్స్ తీసుకుని వాడుకుంది. అంతకుముందు చాలా బండ్లలో ఇంజిన్‌ను చట్రానికి గట్టిగా బిగించేసేవారు. మౌంటింగ్ రబ్బరు ఎండి, పగిలి, నూనె తాగి అణగిపోయిన కారు అక్షరాలా 1931కి ముందటి కారే. సన్నగా తిరిగేటప్పుడు స్టీరింగ్, అద్దాలు వణుకుతున్నా, క్లచ్ వదిలేటప్పుడు ధడేల్‌మన్నా అనుమానం వీటి మీదే పెట్టుకోవాలి. హోరుకు నిజమైన మందు ఇక్కడుంది. పాత బండిలో కొత్త మౌంటింగులు చేసే మేలు, అంతే ఖర్చుతో వేసే ఏ షీటూ చేయదు.

తర్వాత సైలెన్సర్ గొట్టం, దాన్ని వేలాడదీసే రబ్బర్లు. ఒక రబ్బరు తెగితే గొట్టం నేల రేకుకు తగులుతుంది. ఇక ఇంజిన్ మోతంతా సీటు కిందే. మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకైతే ట్యాపెట్ల చప్పుడును పోలిన చిటచిట వినిపిస్తుంది. దీన్ని ఎన్నడూ షీట్ల కింద దాచకూడదు. ఆ లీకులో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, మూసిన అద్దాల మధ్య ప్రాణం తీస్తుంది. చప్పుడు ఒక్కోసారి హెచ్చరిక కూడా. ట్యాపెట్ల సందు సరిచేయడం, ఫ్యాన్ బెల్టు బిగించడం, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత సరిగా కూర్చుందో లేదో చూడడం మామూలు సర్వీసులోనివే. ఆ మూత లేకుండా తిరిగే పాత బండ్లు గాలి పీల్చే చప్పుడుతోనే సగం రొద చేస్తాయి.

కన్నాలు

ఇంజిన్‌కూ మనుషులకూ మధ్య ఉన్న ఇనప రేకును ఫైర్‌వాల్ అంటారు. దాని వైశాల్యం చదరపు మీటరు అనుకుందాం. రేకు దానిపై పడే శబ్ద శక్తిలో వెయ్యో వంతునే లోపలికి పంపుతుందనీ, అంటే 30 డెసిబెల్స్ ఆపుతుందనీ అనుకుందాం. ఇప్పుడు అందులో పది చదరపు సెంటీమీటర్ల కన్నం ఒకటి ఉంటే, ఆ ఒక్క కన్నం గుండా వచ్చే శబ్దం మిగతా రేకు మొత్తం గుండా వచ్చినంత ఉంటుంది. మూడున్నర సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి కన్నం చాలు దీనికి. రేకులో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే, మిగతాది కోట గోడంత మందం ఉన్నా మొత్తం అడ్డు 20 డెసిబెల్స్ దాటదు.

అందుకే పాత కారులో రూపాయికి రెట్టింపు ఫలితం ఇచ్చేది కన్నాల వేట. చీకటి పడ్డాక బోనెట్ కింద గట్టి లైటు పెట్టి, లోపల డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి చూస్తే వెలుగు వచ్చే చోట్లన్నీ కనబడతాయి. స్టీరింగ్ కాలమ్ చుట్టూ, క్లచ్, బ్రేక్ పెడళ్ల దగ్గర, స్పీడోమీటర్ కేబుల్, యాక్సిలరేటర్ తీగ, హీటర్ గొట్టాలు దూరే చోట, వైర్ల కట్ట చుట్టూ. ఎండిపోయిన గ్రోమెట్లు, అంటే కన్నాల అంచున ఉండే రబ్బరు చుట్లు, మార్చాలి. వాడని కన్నాలకు రేకు ముక్కో రబ్బరు మూతో వేసి సీలెంట్ పట్టించాలి. కదిలే పెడళ్ల చుట్టూ మెత్తటి రబ్బరు తొడుగే వాడాలి, గట్టిపడే సీలెంట్ పూస్తే పెడల్ ఇరుక్కుంటుంది. తలుపుల బీడింగ్ పరీక్ష ఇంకా సులువు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగాలి. సునాయాసంగా వచ్చేస్తే ఆ చోట బీడింగ్ పని అయిపోయినట్టే.

రేకును మూగబెట్టడం

డప్పు కొట్టేవాళ్లు ముందు మంట మీద కాచి తోలును బిగిస్తారు, గణగణలాడడానికి. డ్యాంపింగ్ దానికి తలకిందుల పని. రేకు వెనక జిగటగా సాగే పొర అంటిస్తే, రేకు వణికినప్పుడల్లా ఆ పొర సాగి, ఆ శక్తిని రవ్వంత వేడిగా మార్చేస్తుంది. మోగడం ఆగిపోతుంది.

రేకు మీద ఒక పొర పూసి వణుకు తగ్గించే పద్ధతికి లెక్క కట్టినవాడు జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఓబర్స్ట్, 1950ల తొలినాళ్లలో. ఇప్పటికీ డ్యాంపింగ్ సరుకును కొలిచే ప్రయోగ పట్టీకి ఆయన పేరే ఉంది. జిగట పొర పైన మరో పల్చటి లోహపు పొర బిగిస్తే, మధ్యలోది రెండు పలకల నడుమ నలిగి చాలా ఎక్కువ శక్తిని మింగుతుందని అమెరికాలో ఎడ్వర్డ్ కెర్విన్ 1959లో సిద్ధాంతీకరించాడు. ఇవాళ దుకాణాల్లో దొరికే అల్యూమినియం తొడుగు బ్యూటైల్ షీట్లు ఆ సూత్రం మీద తయారైనవే. అల్యూమినియం అందం కోసం కాదు, వేడిని ఆపడానికీ కాదు. అది లేకపోతే షీటు సగం పని మానేస్తుంది. కొనేటప్పుడు అల్యూమినియం చాక్లెట్ కాగితంలా చిరిగిపోతుంటే వద్దనుకోవచ్చు.

షీటును అంగుళం వదలకుండా పరచాలనేది అమ్మకపు మాట. రేకు ఎక్కువగా వణికేది నడుమ భాగంలో. అక్కడ పావు వంతు నుంచి సగం వరకు కప్పితే పని చాలావరకు అయిపోతుంది. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు వేలి కణుపుతో రేకును తట్టుకుంటూ వెళ్లాలి. ఖంగుమనే చోట షీటు, దబ్బుమనే చోట వద్దు. మడతలు, గాడులు ఉన్న చోట రేకు తనంతట తనే గట్టిగా ఉంటుంది.

అంటించే ముందు తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి ఆరబెట్టి, జిడ్డు పోయేలా థిన్నర్‌తో తుడవాలి. ఆపైన చిన్న రోలర్‌తో గట్టిగా అదమాలి. గాలి బుడగ మిగిలిన చోట షీటు పని చేయదు. పైగా అక్కడే నీరు చేరి తుప్పు మొదలవుతుంది. డ్యాష్‌బోర్డు, సీట్లు విప్పే పనిలో బ్యాటరీ నెగెటివ్ తీగ ముందే ఊడదీయడం అలవాటు చేసుకోవాలి.

తెర, దాని వెనక మెత్త

డ్యాంపింగ్ రేకు మోగకుండా చూస్తుంది గానీ గాలిలో వచ్చే టకటకను పెద్దగా ఆపదు. దానికి బరువు కావాలి. గోడ బరువు రెట్టింపైతే దాన్ని దాటే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుందనేది పాత సూత్రం. 0.8 మిల్లీమీటర్ల ఇనప రేకు చదరపు మీటరుకు సుమారు 6.3 కిలోలు తూగుతుంది. దాని మీద చదరపు మీటరుకు 5 కిలోలుండే బరువైన వినైల్ పొర పరిస్తే లెక్క ప్రకారం మరో 5 డెసిబెల్స్ అడ్డు. ఆ వినైల్‌ను రేకుకు నేరుగా అంటించకుండా మధ్యలో మెత్తటి ఫోమ్ ఉంచితే రెండు గోడల ఇల్లులా పనిచేసి, పై స్థాయి శబ్దాల్లో ఇంకా ఎక్కువ లాభం వస్తుంది. ఫోమ్‌కు అసలైన ఉద్యోగం ఇదే, తెర కింద పరుపుగా ఉండడం. ఒంటరిగా అతికించిన పల్చటి ఫోమ్ వల్ల ఒరిగేది తక్కువ.

ఫైర్‌వాల్ లోపలి వైపు, ముందు సీట్ల కింద నేల, గేర్ బాక్స్ మీది ఉబ్బు, ఈ మూడు చోట్లా తెర వేస్తే ఇంజిన్ మోతకు సంబంధించినంతలో ముఖ్యమైన పని పూర్తయినట్టు. తలుపులు, డిక్కీ, పైకప్పు టైర్ల చప్పుడుకూ పాటలకూ వానకూ సంబంధించినవి. బోనెట్ అడుగున మందపాటి ప్యాడ్ అంటించడం అందరూ మొదట చేసే పని. దానివల్ల రంగుకు వేడి తగలదు, రోడ్డు మీద నిలబడినవారికి కాస్త నెమ్మది. లోపల కూర్చున్నవారికి దక్కేది కొద్దే.

బరువు ఊరికే రాదు. మారుతీ 800 బరువు 650 కిలోల దరిదాపుల్లో, శక్తి 37 హార్స్‌పవర్. దానికి ముప్పై కిలోల షీట్లు మోయించడమంటే ఎప్పుడూ దిగని ఒక బడిపిల్లాణ్ని ఎక్కించుకున్నట్టే. అంబాసిడర్ ఆ బరువును పట్టించుకోదు.

ఎండ, వాన, నిప్పు, ఎలుక

తారు షీట్లు చవక. అవి చల్లటి దేశాల్లో దశాబ్దాలుగా కార్లలో వాడినవే. మన మే నెల ఎండలో విజయవాడలోనో రామగుండంలోనో నిలిపిన కారు రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు నాసి రకం తారు మెత్తబడి జారుతుంది, లోపలంతా రోడ్డు వేస్తున్న వాసన. డాబా పగుళ్లకు హార్డ్‌వేర్ షాపులో అమ్మే తారు టేపుదీ ఇదే కథ. నేల మీద ఎలాగో నెట్టుకొచ్చినా, పైకప్పుకు, తలుపులకు అంటిస్తే వేసవిలో ఊడి వేలాడుతుంది. అక్కడ బ్యూటైల్ రబ్బరే వాడాలి.

వానాకాలం శత్రువు తడి. తలుపు అద్దం పక్క నుంచి నీళ్లు లోపలికి జారడం, అడుగున ఉన్న రంధ్రాల గుండా పోవడం కారు తయారీలోనే ఉంది. ఆ రంధ్రాలు మూస్తే తలుపు తొట్టి అవుతుంది. తలుపుల్లో, నేల మీద నీరు పీల్చని మూసిన రంధ్రాల ఫోమ్ తప్ప స్పంజి పనికిరాదు. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి ఊళ్లలో తడి ఫెల్టు కింద నేల రేకు తినుకుపోవడం బయటికి తెలియదు, కార్పెట్ ఎత్తితేనే బయటపడుతుంది.

ఇంజిన్ వైపు వాడే ఏ పొరైనా నిప్పుకు తట్టుకోవాలి. కారు లోపలి సరుకు ఎంత వేగంగా కాలవచ్చో అమెరికా ప్రమాణం ఎఫ్‌ఎమ్‌వీఎస్‌ఎస్ 302 నిమిషానికి 102 మిల్లీమీటర్లని హద్దు పెట్టింది. మన దేశంలో ఐఎస్ 15061 ఉంది. అట్ట మీద ఇలాంటి ప్రమాణం పేరు లేని ఫోమ్‌ను ఇంజిన్ దరికి రానివ్వకూడదు. మంచి ప్యాడ్ అయినా ఆయిల్ తాగితే ఒత్తి అవుతుంది, అప్పుడు పీకి పారేయాల్సిందే. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర ఏదీ అంటించకూడదు. థర్మోకోల్, కోడిగుడ్ల అట్టలు, కొబ్బరి పీచు పరుపు ముక్కలు కూడా కొందరు ప్రయత్నిస్తుంటారు. మొదటి రెండింటికీ బరువు లేదు, చప్పుడును ఆపలేవు. మూడోది ఎలుకలకు పురిటి గది. అక్కడ కాపురం పెట్టిన ఎలుక తర్వాత వైర్ల జోలికి వెళుతుంది.

ఒక్కో బండి తీరు

1957 నుంచి 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. 1489 సీసీ డీజిల్ అంబాసిడర్ ట్యాక్సీల్లో ప్రయాణించినవారికి ఆ టకటక, ఆ వణుకు గుర్తుండే ఉంటాయి. ఫైర్‌వాల్‌కూ నేలకూ తెర, కొత్త మౌంటింగులు, కన్నాల మూత, ఈ మూడూ కలిస్తే దీనిలో కనిపించే మార్పు మరే పాత బండిలోనూ కనిపించదు. పద్మిని పెట్రోల్ ఇంజిన్ స్వతహాగా నెమ్మది. దానికి తలుపు బీడింగులు, సైలెన్సర్ చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

1984లో వచ్చి 2019లో ఆగిన ఓమ్నిలో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. సీటు ఎత్తితే ఇంజిన్. అక్కడ ఫైర్‌వాల్ నిలువుగా కాదు, మనం కూర్చున్న చోటే. ఆ మూత చుట్టూ ఉన్న రబ్బరు అంచు సరిగా కూర్చోకపోతే మోత, వేడి, పొగ వాసన మూడూ కలిసి వస్తాయి. ముందు ఆ అంచు మార్చాలి. తెర వేసేది మూత లోపలి వైపైతే వేడి తట్టుకునే రకమే వాడాలి. 1998 చివర్లో వచ్చిన ఇండికా 1405 సీసీ డీజిల్‌లో ఇంధనం ముందు చిన్న గదిలో మండి తర్వాత సిలిండర్‌లోకి వస్తుంది కాబట్టి, నేరుగా చిమ్మే ఆనాటి జీపు ఇంజిన్ల కన్నా టకటక తక్కువ.

చట్టం విషయానికి వస్తే, మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. లోపల వేసే షీట్లు ఆ కోవలోకి రావు. సైలెన్సర్ తీసేయడం, బయటికి మోత పెంచడం మాత్రం 190వ సెక్షన్ కింద జరిమానా తెస్తాయి.

ఎంత తగ్గుతుంది

డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. శబ్ద శక్తి సగమైతే 3 డెసిబెల్స్ తగ్గుతాయి, చెవికి అది ‘కొంచెం తగ్గింది’ అన్నట్టే ఉంటుంది. సగం తగ్గినట్టు అనిపించాలంటే 10 డెసిబెల్స్ పోవాలి. సొంతంగా, జాగ్రత్తగా చేసిన పనిలో 3 నుంచి 5 డెసిబెల్స్ తగ్గితే అది మంచి పనే. అంకె చిన్నదైనా, చెవిని కొరికే టకటక పోయి హోరు ఒక్కటే మిగలడం వల్ల దూర ప్రయాణంలో అలసట తగ్గుతుంది. ఫోన్‌లోని డెసిబెల్ యాప్ చూపే అంకె కచ్చితం కాకపోయినా, పనికి ముందూ తర్వాతా ఒకే రోడ్డు, ఒకే గేరు, ఒకే వేగం, అద్దాలు మూసి, ఫోన్ ఒకే చోట ఉంచి చూస్తే తేడా తెలుస్తుంది. అలాంటి యాప్‌లు సాధారణంగా మనిషి చెవిని అనుకరించే ‘ఏ’ కొలమానం వాడతాయి కాబట్టి, లోతైన హోరు తగ్గినా వాటిలో అంతగా కనబడదు.

పని పూర్తయిన వారానికి చాలామంది మెకానిక్ దగ్గరికి తిరిగి వస్తారు, బండిలో కొత్త చప్పుళ్లు మొదలయ్యాయని. అవి కొత్తవి కావు. ఇన్నాళ్లూ ఇంజిన్ రొద కింద అణగి ఉన్న గ్లవ్ బాక్స్ కిర్రు, వెనక చక్రం బేరింగ్ గరగర, సీటు బెల్టు లాకు టిక్కుటిక్కు. 1958లో డేవిడ్ ఓగిల్వీ రోల్స్ రాయిస్‌కు రాసిన పేరుమోసిన ప్రకటన, గంటకు అరవై మైళ్ల వేగంలో ఆ కారులో అన్నిటికన్నా పెద్ద చప్పుడు గడియారానిదే అని చెప్పుకుంది. పాత అంబాసిడర్‌లో ఆ వంతు సాధారణంగా డ్యాష్‌బోర్డు స్క్రూలకు వస్తుంది. స్క్రూలు బిగించి, ప్లాస్టిక్ రాసుకునే చోట్ల ఫెల్టు పట్టీ అంటిస్తే సరి.